వాసనల పంచాంగం

మా ఇంట్లో పిల్లలకు మాటలు వచ్చీరాగానే ఒక జవాబు నేర్పుతారు. బయటివాళ్లెవరైనా మా వాకిట్లో నిలబడి, ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుని, "ఇదేంది, ఏదో వాసనొస్తుంది" అంటే, వాళ్ల ముఖంలోకి అమాయకంగా చూసి "ఏం వాసన?" అనాలి. అంతే, ఇంకో మాట కలపకూడదు. చిన్నప్పుడు ఒకసారి నేను ఈ నియమం తప్పి, చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడకు "గదా? కంపెనీల వాసన" అని చెప్పేశాను. ఆవిడ వెళ్లేదాకా నవ్వుతూనే ఉండి, వెళ్లగానే అమ్మ నా తొడ మీద పెట్టిన తొడపాశం ఇప్పటికీ గుర్తుంది.

ఈ జవాబు మా ఊరు ఇంద్రేశంలో దాదాపు అందరిదీ. కంపెనీలున్న పాశమైలారం దిక్కు నుంచి గాలి తిరిగితే కళ్లు మండేవి, గొంతులో ఏదో అడ్డుపడినట్టుండేది. అయినా కళ్లు తుడుచుకుంటూనే "ఏం వాసన?" అనేవాళ్లం. ఎందుకంటే మా ఊళ్లో జొన్న, కంది పోయి ప్లాట్లు మొలిచాయి. ప్లాటు కొనడానికి వచ్చేవాడికి ముక్కు ఉంటుంది. ఆ ముక్కును మాటలతో మూయాలి.

మా పొలం కూడా వెంచర్‌లో కలిసిపోయింది. మా వాటాకు చివరికి ఒక మూల ప్లాటు మిగిలింది. పొలం పోయాక బాపు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో హెల్పర్‌గా చేరాడు. ఆయన బట్టల్లోంచి వచ్చే వాసన ఉతికినా పోయేది కాదు. అమ్మ ఆయన బనీన్లను మా బట్టలతో కలిపేది కాదు. రెండేళ్లు తిరిగేసరికి దగ్గు పట్టుకుంది. డాక్టరు మందులు రాసిచ్చి, "ఆ పని మానేస్తే మంచిది" అన్నాడు. మానేసి ఏం చేయాలో మాత్రం రాసివ్వలేదు. అది బాపే ఆలోచించుకున్నాడు. మూల ప్లాటు అమ్మి ఒక ట్రాలీ ఆటో కొనాలి. ముత్తంగి దగ్గర గోదాములకు సరుకు తోలుకోవాలి. "ప్లాటొక్కటి పోనియ్, ఆ గేటు మొఖం మల్ల సూడ" అనేవాడు దగ్గు మధ్యలో.

అంటే బాపు ఆ వాసన నుంచి బయటపడాలంటే ప్లాటు అమ్ముడుపోవాలి. ప్లాటు అమ్ముడుపోవాలంటే అసలు వాసనే లేదనాలి. పదో తరగతిలో నాకు లెక్కలు బాగానే వచ్చేవి. ఈ లెక్క మాత్రం ఎటునుంచి మొదలుపెట్టినా తేలేది కాదు.

ఆ ఏడే మా తెలుగు సారు బడిలో గోడపత్రిక పెడదామన్నారు. మిగతావాళ్లంతా చెట్లు నాటాలని, నీళ్లు పొదుపు చేయాలని రాశారు. నేను వాసన గురించి రాశాను. సారు దాన్ని చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. గని గోడకు పెట్టేటిది గాదు."

"ఎందుకు సార్? అబద్ధం రాసిన్నా?"

"నువ్వు కూసున్న బెంచీ ఎవరిచ్చిన్రో సూస్కో."

చూసుకున్నాను. బెంచీ వీపు మీద ఒక కంపెనీ పేరు తెల్ల రంగుతో రాసి ఉంది. మంచినీళ్ల ఫిల్టరు మీద ఇంకో కంపెనీది. ఆ పేర్లను మేము రోజూ వీపుతో తుడుస్తున్నాం, ఎప్పుడూ చదవలేదు. సారు మీద నాకు చాలా కోపం వచ్చింది. అయితే నేల మీద కూర్చుని చదివిన ఏళ్లు కూడా నాకు గుర్తున్నాయి కాబట్టి, కోపం ఎవరి మీద నిలబెట్టుకోవాలో తెలియలేదు.

ఆ బెంచీ మీదే కూర్చుని ముగ్గురం మా సొంత పేపరు వేద్దామనుకున్నాం. ఒకదాన్ని నేను. ఇంకొకతె నా పక్కన కూర్చునే దోస్తు. వాళ్ల నాన్న ఒడిశా నుంచి పాశమైలారం పనికి వచ్చినాయన. తను ఇక్కడే పుట్టింది. తెలుగు నాకంటే బాగా మాట్లాడేది, కోపమొస్తే మాత్రం హిందీలోకి దిగేది. బొమ్మలన్నీ తనే వేసేది. మూడోవాడు మా వెనక బెంచీ అబ్బాయి. వాళ్లన్నకు పటాన్‌చెరులో జిరాక్స్ షాపు ఉంది. ఒకే ఒక్క తెల్లకాగితాన్ని మడిచి, మధ్యలో ఒక్క కత్తిరింపు వేసి, ఎనిమిది పేజీల పుస్తకం చేయడం వాడికి వచ్చు. మొదటిసారి చేసి చూపించినప్పుడు నాకు వాడి మీద గౌరవం పుట్టింది. తర్వాత వాడు మాట్లాడటం మొదలుపెట్టేసరికి అది పోయింది.

ఇలాంటి సొంత చిట్టి పత్రికలను ఇంగ్లీషులో 'జీన్' అంటారని, ప్రపంచంలో చాలామంది పిల్లలు ఇదే పని చేశారని కాలేజీకి వచ్చాక తెలిసింది. అప్పుడు మేము దాన్ని చిట్టి పేపరు అనేవాళ్లం. పేరు 'ముక్కు' అని పెట్టాం. అట్ట మీద నా దోస్తు ఒక పెద్ద ముక్కు వేసి, దానికి బట్టలారేసే క్లిప్పు తగిలించింది.

లోపల నీళ్ల ఫిల్టరుతో ఒక ఇంటర్వ్యూ, మా డ్రిల్లు సారు విజిల్ మీద ఒక పాట, నడిమి పేజీల్లో వాసనల పంచాంగం. అది నా బుర్రలో పుట్టింది. ఉగాదినాడు అయ్యగారు చదివే పద్ధతిలో రాశాను. దానికోసం కొన్ని వారాలు రోజూ సాయంత్రం డాబా ఎక్కి ముక్కు పైకెత్తుకుని నిలబడ్డాను. పాశమైలారంలో ఉన్న నా దోస్తు "ఈడ షురువైంది" అని ఫోన్ చేసేది. కాసేపటికి అది మా డాబా మీదికి వచ్చేది. ముందు స్టాపులో ఆగిన బస్సు తర్వాత మా స్టాపుకు వచ్చినట్టు.

సోమవారం సాయంకాలం కుళ్లిన కోడిగుడ్డు, పెరుగన్నమునకు ప్రతికూలం అని రాశాను. మంగళవారం దగ్గుమందు, పిల్లలకు ఆరోగ్యం, డాక్టర్లకు నష్టం. గురువారం కాలిన రబ్బరు. ఆదివారం తెల్లవారుజామున సర్వ వాసనలూ కలిసి వచ్చును, శుభకార్యములు కూడదు. ఆదివారం అడిగే ఆఫీసరు ఉండడని కంపెనీలవాళ్లకు తెలుసని ఊళ్లో అనుకునేవాళ్లు. వాన పడితే వారంతో పనిలేదు, దుర్ముహూర్తమే. వారం మొత్తంలో ఒక్క బుధవారం పగలు మాత్రం గాలి శుభ్రంగా ఉండేది. ఎందుకో మాకు ఇప్పటికీ తెలియదు. "బుధవారం సర్వకార్య జయం" అని రాసి వదిలేశాను.

జిరాక్స్ కాపీలను షేర్ ఆటోల వెనక సీట్లలో, టిఫిన్ సెంటర్ బల్లల మీద, బస్ స్టాపులో పెట్టేసి ఇళ్లకు పరిగెత్తాం. ఇక ఊరు మా మీద విరుచుకుపడుతుందని ఎదురుచూశాం. నిజం చెప్పాలంటే పడితే బాగుండునని ఆశపడ్డాం. రాబోయే తిట్లకు నేను మంచి మంచి జవాబులు కూడా తయారుచేసుకున్నాను.

ఒక్క తిట్టూ రాలేదు. మా పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "బుధారం మంచిగుంటదని మీ పేపర్ల రాసిన్రట గద, గందుకే బుధారం వడియాలు పెట్టిన. కమ్మగ ఎండినయి బిడ్డా" అంది. ఇంకొకాయన కొడుకు నిశ్చితార్థాన్ని ఆదివారం నుంచి బుధవారానికి మార్చుకున్నాడు. నేను తయారుచేసుకున్న జవాబుల్లో ఒక్కటీ వీళ్లకు సరిపోయేది కాదు.

అన్నిటికంటే పెద్ద వింత మా కాకది. బాపు తమ్ముడాయన. ప్లాట్లు అమ్మిపెట్టే పని. ఎప్పుడూ తెల్ల చొక్కా, రెండు చెవులకూ రెండు ఫోన్లు. ఒకరోజు 'ముక్కు' చేతిలో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చెంప పగులుతుందనుకుని గోడకు ఆనుకున్నాను.

"గిది రాసింది నువ్వేనా?"

"నేనొక్కదాన్నే గాదు కాకా."

"అవునా. ఇంకో పది ఉన్నయా?"

వారం తిరక్కుండా లేఅవుట్ కమాను మీద కొత్త ఫ్లెక్సీ కట్టారు. బుధవారం స్పెషల్ సైట్ విజిట్, భోజనం ఉచితం. అంతవరకు ఆదివారాలు వచ్చే కార్లు బుధవారం రావడం మొదలైంది. దిగినవాళ్లు గట్టిగా ఊపిరి పీల్చుకుని, "సిటీలో ఈ గాలి ఎక్కడుందండీ" అనుకునేవాళ్లు.

ఈ సంగతి చెప్తే నా దోస్తుకు పిచ్చికోపం వచ్చింది. "పాగల్ హై క్యా తూ? మనం వాసన ఉందని చెప్పనీకి రాసినమా, లేనప్పుడు జనాన్ని పిలుసుకొచ్చుకోనీకి రాసినమా?" అని నిలదీసింది. వెనక బెంచీ వాడు మాత్రం, "ఏదైతేంది, చదువుతున్నరు గద" అని మురిసిపోయాడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అడకత్తెరలో పోకచెక్కలా నేను మధ్యలో కూర్చున్నాను. ఎందుకంటే ఆ బుధవారం కార్లలో ఏదో ఒకటి మా మూల ప్లాటు దగ్గర ఆగుతుందేమోనని నేనూ చూస్తున్నాను.

బాపు దాన్ని చదివింది డ్యూటీ నుంచి వచ్చిన ఒక సాయంత్రం. కాళ్లు కూడా కడుక్కోకుండా ట్యూబ్‌లైటు కింద నిలబడి చదివాడు. చదివి, మేము మడిచిన మడతల మీదే మళ్లీ జాగ్రత్తగా మడిచాడు.

"మంగళారం దగ్గుమందన్నరు. నవ్వొచ్చింది" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. అది తగ్గాక, "గని మనింట్ల ఉంచకు బిడ్డా. జెర ప్లాటు పోనియ్" అన్నాడు.

ఉంచననే చెప్పాను. కానీ రెండో 'ముక్కు' జిరాక్స్ అయి వచ్చినప్పుడు బడికి సెలవులు. కట్ట ఎక్కడ పెట్టాలో తెలియక బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. అందులో కూడా పంచాంగం ఉంది. జనం అడుగుతున్నారని మళ్లీ వేశాం.

ఆ సెలవుల్లోనే మా ప్లాటుకు మనుషులు కుదిరారు. రామచంద్రాపురం దిక్కు కిరాయి ఇంట్లో ఉండే భార్యాభర్తలు. ఇద్దరూ నెమ్మదస్తులు. కాక వాళ్లను బుధవారాల్లోనే తిప్పాడు. ప్లాటు నచ్చింది, బయానా కింద కొంత డబ్బు ముందుగా ఇవ్వడానికి వస్తామన్నారు. అదీ బుధవారమే.

ఆ పొద్దున బాపు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. తిరుగుతూ తిరుగుతూ డ్రమ్ము వెనక చూశాడు. నన్ను తిట్టలేదు. కట్టను అమ్మ చేతిలో పెట్టి, "వాళ్లు మనింటికి గూడ వస్తరేమో, దీన్ని తీసెయ్" అన్నాడు. నాతో, "నువ్వు ప్లాటు కాడికి రాకు, ఇంట్లనే ఉండు" అన్నాడు.

తీసెయ్ అంటే ఇంకో ఇంట్లో అయితే పొయ్యిలో పెట్టేవాళ్లు. మా ఇంట్లో అక్షరం ఉన్న కాగితాన్ని కాల్చరు. కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. చదువుల తల్లిని మంటల్లో వేస్తే పిల్లలకు చదువు రాదని మా నాయనమ్మ నుంచి వచ్చిన నమ్మకం. ఏడాది చివర నా పాత నోట్సులన్నీ అమ్మ లేఅవుట్ కమాను దగ్గర మిర్చీ బజ్జీలు వేసే ఆవిడకు ఇచ్చి వస్తుంది. అక్షరం అన్నానికి అడ్డుపడదు, పనికొస్తుంది అంటుంది. ఆ రోజు కూడా హడావిడిలో అలవాటు ప్రకారం కట్టను అక్కడే ఇచ్చి వచ్చింది. ఆ సంగతి నాకు తెలియదు.

మధ్యాహ్నం అమ్మకు గుర్తొచ్చింది, వాళ్లకు నీళ్లు పంపలేదని. ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలు తీసి నా చేతుల్లో పెట్టింది. "ఇచ్చి మల్లిరా, ఆడ నిలవడకు" అంది.

నేను వెళ్లేసరికి ప్లాటులో హద్దురాళ్ల మధ్య అందరూ నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. గాలి నిజంగానే శుభ్రంగా ఉంది. నేను రాసిన పంచాంగం తప్పు పోలేదు. అప్పుడే కాక బండి మీద బజ్జీలు తెచ్చాడు. "తినండి మేడం, వేడి వేడిగున్నయి" అంటూ అందరికీ పొట్లాలు పంచాడు.

ఆవిడ చేతిలోని పొట్లం మీద క్లిప్పు పెట్టుకున్న ముక్కు కనిపించింది.

బజ్జీ పొట్లం చదవనివాళ్లు ఉంటారా? ఆవిడ బజ్జీ తిని, వేళ్లు తుడుచుకుని, కాగితాన్ని నిటారుగా పట్టుకుంది. నూనె తాగి కాగితం అద్దంలా అయింది. అయినా నల్లటి అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. మొదట నవ్వింది. "ఏమండీ, ఇది చూడండి, ఎంత బాగా రాశారో" అని భర్తకు చదివి వినిపించింది. కోడిగుడ్డు, పెరుగన్నం, దగ్గుమందు. ఆయనా నవ్వాడు. బుధవారం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చదవడం ఆపేసింది.

"మనల్ని తీసుకొచ్చినప్పుడల్లా బుధవారమే కదండీ" అంది మెల్లగా.

"ఏం వాసన మేడం?" అన్నాడు కాక వెంటనే. "బడి పోరగాండ్లు పనిలేక రాసిన్రు. గిసొంటివన్ని నమ్ముతారు?"

ఆవిడ భర్తకు ప్లాటు నచ్చింది. అది ముఖంలోనే తెలుస్తోంది. ఎవరైనా తనను ఒప్పిస్తే బాగుండునని చూస్తున్నాడు. కాక మాట సరిపోలేదేమో, బాపు వైపు తిరిగాడు.

"పిల్లల తమాషాలాగే ఉంది. అయినా మీరు చెప్పండన్నా. పుట్టి పెరిగింది ఇక్కడే కదా. మీరు లేదంటే లేనట్టే. బయానా ఇచ్చేసి వెళ్తాం."

నేను హద్దురాయి పక్కనే సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. చల్లటి నీళ్లు సీసా మీంచి చేతుల మీదికి కారుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాయాలని సారుతో కొట్లాడినదాన్ని, 'ముక్కు' పెట్టినదాన్ని, ఆ నిమిషంలో మనసులో ఒక్కటే అనుకున్నాను. చెప్పు బాపూ, అబద్ధం చెప్పు. ఎంత చిన్న మాట అది. ఊళ్లో మాటలు వచ్చీరాని పిల్లలు కూడా చెప్తారు.

బాపు ఆ నూనె కాగితం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా బిడ్డ రాసింది సార్" అన్నాడు. "ఉన్నదే రాసింది."

వాళ్లు కోప్పడలేదు. ఆవిడ నా చేతిలోంచి ఒక సీసా తీసుకుని నీళ్లు తాగి, "బాగా రాస్తావమ్మా" అని నా భుజం తట్టింది. కారెక్కి వెళ్లిపోయారు. కాక కాసేపు బాపును పైనుంచి కిందికి చూసి, "నీకేమన్న దయ్యం పట్టిందా అన్నా" అని, మిగిలిన బజ్జీల పొట్లం బండికి తగిలించుకుని వెళ్లిపోయాడు. చాలారోజులు మా గడప తొక్కలేదు.

మర్నాడు ఈ సంగతి ఫోన్‌లో విని నా దోస్తు గంతులు వేసింది. "మీ బాపు అసలు మనిషంటే" అంది. నేను ఫోన్‌లోనే దాని మీద అరిచాను. ఎందుకు అరుస్తున్నానో తెలియకుండానే అరిచాను. గర్వం రావలసిన చోట నాకు కోపం వచ్చింది, బాపు మీద కోపం. రాసింది నేను, లేదని చెప్పవలసింది ఆయన అని ఎక్కడో నాకు నేనే ఒప్పందం రాసుకున్నట్టున్నాను. ఆయన సంతకం పెట్టలేదు.

మూడో 'ముక్కు' వేశాం, పంచాంగం లేకుండా. బొమ్మలు బాగానే ఉన్నాయి. ఎవరూ అడగలేదు. పెద్దమ్మ మాత్రం గోడ మీంచి, "ఈసారి వడియాలు ఏ దినం పెట్టాలె బిడ్డా?" అంది. నేను లోపలికి వచ్చేశాను.

ఇప్పుడు నేను సంగారెడ్డిలో డిగ్రీ చదువుతున్నాను. మూల ప్లాటు ఇంకా మాదే, దాంట్లో అమ్మ తోటకూర వేస్తుంది. బాపు ఇంకా ఆ గేటులోకే పోతున్నాడు. చాలాకాలం అడగాలనుకుని అడగలేకపోయిన మాట మొన్న అడిగాను. పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ, గడప మీద కూర్చుని, కంపెనీ ఇచ్చిన బరువైన బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు.

"ఆ దినం ఎందుకట్ల చెప్పినవ్ బాపూ?"

ఏ దినమని ఆయన అడగలేదు. రెండో బూటు తాడు కూడా బిగించాకే తలెత్తాడు.

"ఏమనాలె మరి? నువ్వు ఆడనే నిలవడ్డవ్ గద."

"నేను లేకుంటే?"

"లేకుంటే ఏం వాసన అనేటోన్ని" అన్నాడు మామూలుగా. దగ్గు తెర వస్తే గోడ పట్టుకుని అది పోయేదాకా ఆగి, టిఫిన్ డబ్బా అందుకుని బయలుదేరాడు. నీళ్ల సీసా మర్చిపోయాడు. నేను దాన్ని పట్టుకుని రోడ్డు దాకా ఆయన వెనక నడిచాను.